రైతు భాగస్థుడా, సరకు అమ్మువాడా?

బేరము కుదిరిన దినమున వ్యాపారి రైతుతో "నేటి నుండి మన మిద్దఱమును పాలివారము" అని పలుకుట అంగళ్లలో తఱచుగా వినవచ్చును. ఆ మాట చెవికి ఇంపుగానే యుండును. కాని ధర పడిపోయిన దినమున, లేక అప్పులవాడు వాకిట నిలిచిన దినమున, ఆ మాటకు అర్థ మేమి యను ప్రశ్న పుట్టును. దానికి వచ్చు సమాధానమును బట్టి రైతు పోగొట్టుకొనునది ఒక బండి సరకు మాత్రమా, లేక ఎడ్లును ఇల్లును పొలమును గూడనా యనునది తేలును. కావున భాగస్వామ్యమునకును, సరకు అమ్మువానికిని కొనువానికిని నడుమ గల సంబంధమునకును భేద మేమో సేద్యగాండ్రు పంటకు ముందుగానే యెఱిగి యుండవలెను.

చట్టము ఈ రెంటిని వేర్వేఱుగా చెప్పినది. 1932 సంవత్సరపు భారత భాగస్వామ్య చట్టము 4వ సెక్షను ప్రకారము, అందఱును గాని, అందఱి పక్షమున వారిలో ఏ యొకడు గాని నడుపు వ్యాపారపు లాభమును పంచుకొనుటకు ఒడంబడినవారు భాగస్థులు. 1930 సంవత్సరపు సరకుల విక్రయ చట్టము ప్రకారము, వెలకు బదులుగా సరకు మీది స్వామ్యమును ఒకడు మఱియొకనికి మార్చుట విక్రయము. మొదటిదానిలో "అందఱి పక్షమున" అను మాట మిక్కిలి ముఖ్యము. భాగస్థుడు తక్కిన భాగస్థులకు చేయియు నోరును అయి యుండును. వ్యాపారము కొఱకు అతడు వేసిన వేలిముద్ర అందఱి వేలిముద్రయే యగును. విక్రయములో అట్లు కాదు. కొనువాడు తన కొఱకు కొనును, అమ్మువాడు తన కొఱకు అమ్మును; ఒకని అప్పు మఱియొకనికి అంటదు.

చెఱకు పండు గ్రామములలోని గానుగను ఉదాహరణముగా తీసికొనిన ఈ విషయము సులభముగా బోధపడును. నలుగురు రైతులు కలిసి ఒక గానుగను, ఇంజనును, బెల్లపు పెనములను కొని, తమ చెఱకును ఇతరుల వద్ద కొనిన చెఱకును ఆడి, బెల్లము వండి అమ్మి, లాభము పంచుకొనదలచిరని యనుకొనవచ్చును. మొదటివాడు రూ. 1,00,000 పెట్టెను. తక్కిన మువ్వురును రూ. 20,000 చొప్పున పెట్టిరి. రెండవవాడు రాత్రింబగళ్లు పొయ్యి దగ్గఱ నిలిచి పాకము చూచెను. ఊరివారే కదా, తమలో తమకు కాగితము లెందుకని ఏమియు వ్రాసికొనలేదు.

సంవత్సరాంతమున లెక్క చూచుకొనునప్పుడు లక్ష పెట్టినవాడు తనకు ఎక్కువ రావలె ననును. పాకము చూచినవాడు తన కష్టమునకు వేఱుగా జీతము కావలె ననును. ఇద్దఱి మాటయు న్యాయముగానే తోచును. అయినను ఒప్పందము లేనిచోట చట్టములోని 13వ సెక్షను ఇద్దఱి మాటను ఒప్పుకొనదు. భాగస్థునికి పని చేసినందుకు జీతము లేదు. లాభనష్టములు పెట్టుబడిని బట్టి కాక తలకు సమానముగా పంచబడును. పెట్టుబడి మీద వడ్డీ యిచ్చుటకు ఒప్పుకొనియున్నను, అది లాభము నుండియే చెల్లవలెను. ఒప్పుకొనిన పెట్టుబడికి మించి ఎవడైన వ్యాపారమునకు సొమ్ము ఇచ్చినచో దానికి మాత్రము నూటికి సాలుకు ఆరు రూపాయల వడ్డీ కలదు.

ఆ నలుగురును గానుగను మూసి, సరంజామా అమ్మి, బయటి అప్పులన్నియు తీర్చగా రూ. 80,000 మిగిలినదనుకొనిన, పెట్టిన రూ. 1,60,000లో నష్టము రూ. 80,000. అది తలకు రూ. 20,000 పడును. అనగా మిగిలిన సొమ్మంతయు మొదటివానికి చేరును. తక్కిన మువ్వురికి ఒక్క రూపాయియు రాదు. పొయ్యి దగ్గఱ కాచిన రాత్రులకు ఆ లెక్కలో చోటు లేదు. ఒక్క కాగితము మీద నాలుగు పంక్తులు ముందుగా వ్రాసికొనిన యెడల వాటాలను తమ యిష్టము వచ్చినట్లు ఏర్పఱచుకొనుటకు చట్టము అడ్డు రాదు.

ఇది యంతయు అప్పులు తీరిన తరువాతి మాట. తీరకున్నచో సంగతి యింకను కఠినము. మూడవవాడు గానుగ పేర కట్టెలను, గోనె సంచులను ఉద్దెర తెచ్చెను. తక్కినవారికి ఆ సంగతి తెలియదు. అట్టి సరకు గానుగ నడుపుటకు వాడుకగా కావలసినదే కనుక ఆ యప్పు నలుగురిదియు నగును. మూడవవాడు తన యింటి పెండ్లికి తెచ్చిన బట్టలైనచో కాదు. ఇక 25వ సెక్షను ప్రకారము అప్పులవాడు నలుగురి మీదను దావా తేవచ్చును, లేక వారిలో ఒక్కని మీదనే మొత్తమునకు తేవచ్చును. అప్పులవాడు సాధారణముగా ఎవనికి పొలము గలదో వానినే వెదకును. ఆ రైతు అంతయు చెల్లించి, పిదప తక్కిన మువ్వురి వంతులను వారి నుండి రాబట్టుకొనవచ్చును గాని, అది మఱియొక దావా, మఱియొక ఖర్చు. రూ. 20,000 పెట్టితిని గనుక నష్టము రూ. 20,000 దాటదని తలంచుట భాగస్వామ్యములో పెద్ద పొరపాటు.

విడిపోవుటయు సులభము కాదు. "నేను గానుగలో లేను" అని చావడిలో చెప్పిన చాలదు. బహిరంగ ప్రకటన కానంత వఱకు, విడిపోయిన సంగతి యెఱుగక గానుగకు అప్పిచ్చిన పాత పరిచయస్థులు విడిపోయినవానిని గూడ పట్టుకొనవచ్చును. ఆ ప్రకటన గెజెటులోను, ఆ ప్రాంతపు దేశభాషా పత్రిక యొకదానిలోను ఉండవలెను. రిజిస్టరు అయిన వ్యాపారమైనచో రిజిస్ట్రారునకును తెలుపవలెను.

ఇప్పుడు అదే గానుగను మఱియొక విధముగా చూడవచ్చును. మొదటివాడు ఒక్కడే గానుగ కొనెను. తక్కిన మువ్వురును తమ చెఱకును తెచ్చి, పెనమునకు ఇంత యని కూలి ఇచ్చి, బెల్లము వండించుకొని పోయిరి. గానుగ అదే, చెఱకు అదే, పొయ్యి దగ్గఱ కూర్చుండువారును వారే. కాని ఇంజను పగిలిన ఖర్చు గానుగవానిది. బెల్లము ధర పెరిగిన లాభము చెఱకువానిది. గానుగవాని అప్పులవాడు చెఱకువాని వాకిటికి రాలేడు. లాభములో వంతు పోయినను నిద్ర పట్టును. చిన్న రైతులకు అనేక సందర్భములలో ఇదియే మేలు.

భాగస్వామ్యము కాని వానిని భాగస్వామ్యమని భయపడుటయు కలదు. అన్నదమ్ములు వంతుల వారీగా తోడుకొను ఉమ్మడి బావి భాగస్వామ్యము కాదు. ఆ బావి మీద వచ్చు నీటి కూలిని పంచుకొనుట మాత్రముచేతను కాదు. ఉమ్మడి హిందూ కుటుంబపు వ్యాపారము సైతము ఈ చట్టము క్రింద భాగస్వామ్యము కాదు. ఏలయనగా భాగస్వామ్యము ఒప్పందము వలన పుట్టును గాని పుట్టుక వలన రాదు. సగపాలునకు పొలము చేయుటలో పాలు అను మాట యున్నను, కళ్లములో ధాన్యపు కుప్పను పంచుకొనుట వేఱు, ఖర్చులన్నియు పోగా మిగిలిన లాభమును పంచుకొనుట వేఱు. పాలికి ఇచ్చిన భూస్వామి సాధారణముగా సేద్యగాని ఎరువుల అప్పునకు బాధ్యుడు కాడు. అట్లే భూస్వామి చేసిన అప్పునకు సేద్యగాడును బాధ్యుడు కాడు.

లాభములో వంతు తీసికొనుచున్నాడనుట ఒక్కటియే ఎవనినైనను భాగస్థుని చేయునా యనునది పూర్వము పెద్ద వివాదము. 1860లో ఇంగ్లాండు ప్రభువుల సభ దీనిని తీర్చినది. అచ్చటి ఒక ఇనుప కార్ఖానా యజమానులు అప్పులలో మునుగగా, అప్పులవారి మేలుకొఱకు కొందఱు ధర్మకర్తలు కార్ఖానాను నడుపుచు లాభము నుండి బాకీలు తీర్చునట్లు ఏర్పాటైనది. అప్పుడు కార్ఖానాకు సరకు తోలిన ఒక వర్తకుడు ఆ అప్పులవారిలో ఇద్దఱిని భాగస్థులని పట్టుకొనెను. వారు లాభము నుండి సొమ్ము పొందువారే యైనను, వ్యాపారము వారి పక్షమున వారి చేతులుగా నడుచుట లేదు గనుక భాగస్థులు కారని తీర్పు వచ్చినది. 1872లో కలకత్తా వ్యాజ్య మొకదానిలో ప్రీవీ కౌన్సిలు, ఒక వర్తక సంస్థకు అప్పిచ్చి లాభములో కమీషను పుచ్చుకొనిన రాజును గూర్చియు ఇట్లే చెప్పినది. భాగస్వామ్య చట్టములోని 6వ సెక్షను ఈ సూత్రము మీదనే నిలిచినది: పేరును గాక, ఉభయుల నడుమ నిజముగా గల సంబంధమును సమస్త విషయముల నుండి చూడవలెను.

కర్మాగారములకు సరకు తోలు రైతుల స్థితి వేఱు. బోధనులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము చుట్టును ఎన్నో గ్రామములు చెఱకు సేద్యమునకు అలవడినవి. ఏండ్ల తరబడి ఒక్క కర్మాగారమునకే చెఱకు తోలిన రైతునకు అది తన సొంతమువలె తోచుట సహజము. కాని చట్టపు దృష్టిలో అతడు అమ్మువాడే. 2015లో ఆ కర్మాగారము మూతపడినప్పుడు చెఱకు తోలువారి సమ్మతి అక్కఱ లేకపోయినది. ఒక్క కొనువానిని నమ్మి దీర్ఘకాలపు పైరు వేయువారికి ఇది పెద్ద అపాయము; దానిని తక్కువగా ఎంచరాదు.

అయినను అమ్మువానికి భాగస్థునికి లేని బలము ఒకటి కలదు. అతడు బాకీదారుని పట్టుకొనగలవాడు. 1966 సంవత్సరపు చెఱకు నియంత్రణ ఉత్తరువు ప్రకారము, వేఱుగ ఒప్పందము లేనిచోట, చెఱకు అందిన 14 దినములలో కర్మాగారము వెల చెల్లింపవలెను. ఆలస్యమైన కాలమునకు నూటికి సాలుకు 15 రూపాయల వడ్డీ ఇయ్యవలెను. భాగస్థుడు అట్లు అడుగలేడు. భాగస్వామ్య వ్యాపారము ముగిసినప్పుడు ఆస్తి నుండి మొదట బయటివారి బాకీలు తీరవలెను. పిమ్మట భాగస్థులు ఇచ్చిన అప్పులు, ఆ పిమ్మట పెట్టుబడులు. సరకు అమ్మినవాడు ముందు వరుసలో నిలుచును, పాలివాడు చివర నిలుచును. సరకు పుచ్చుకొని వెల ఇయ్యని వ్యాపారి రైతును "పాలివాడా" అని పిలుచుటకు కారణము ఒక్కొక్కప్పుడు ఇదియే.

మిరప, పసుపు వంటి నిలువ సరకులలో ఈ చిక్కు మిక్కుటము. గుంటూరు ప్రాంతమున మిరపను శీతల గిడ్డంగులలో నిలువ చేయుట వాడుక. రైతు మిరప కోసి యెండబెట్టి బస్తాలు తెచ్చును. ఆనాటి ధర తక్కువగా నుండును. వ్యాపారి "బస్తాలు గిడ్డంగిలో పెట్టుదము, ధర పెరిగినప్పుడు అమ్మి లాభము పంచుకొందము" అని కొంత సొమ్ము చేతిలో పెట్టును. నష్టమును గూర్చి ఎవరును మాటాడరు. ఆఱు నెలలకు ధర ఇంకను దిగినది. వ్యాపారి గిడ్డంగి అద్దెయు, తా నిచ్చిన సొమ్ముపై వడ్డీయు, హమాలీయు తీసివేసి, రైతే తిరిగి ఇయ్యవలసి యున్నదని లెక్క చూపును. ఈ లెక్క సరియా కాదా?

ఆ దినమున జరిగినది ఏమో తెలియనిది దీనికి సమాధానము లేదు. ఆనాడే ధర ఖాయమై, చేతిలో పెట్టిన సొమ్ము బయానా యైనచో, అది విక్రయము. సరకు మీది స్వామ్యము కొనువానికి మాఱిన పిమ్మట దాని కష్టనష్టములును, వేఱు ఒప్పందము లేనిచో, అతనివే. ధర దిగినను, మిరప రంగు మాఱినను రైతునకు మొదటి వెల చెల్లవలసినదే. ధర ఖాయము కాక, సరకు రైతుదిగానే యుండి, వ్యాపారి కమీషనుకు అమ్మిపెట్టుటకు ఒప్పుకొనినచో, అతడు అడ్తిదారు. అప్పుడు ధర దిగిన నష్టము రైతుదే. కాని 1872 సంవత్సరపు ఒప్పందముల చట్టము ప్రకారము అడ్తిదారు అడిగినప్పుడెల్ల సరియైన లెక్క చూపవలెను. రైతు సమ్మతి లేక ఆ సరకును తానే కొనరాదు. ఎవనికి, ఏనాడు, ఏ ధరకు అమ్మెనో చెప్పని అడ్తిదారు లెక్కను రైతు ఒప్పుకొన నక్కఱ లేదు. ఇక నిజముగా భాగస్వామ్యమే యైనచో, నష్టము ఇద్దఱికిని పడవలెను. అద్దె సగము, వడ్డీ సగము వ్యాపారియు భరింపవలెను. అతని పద్దు పుస్తకములను చూచుటకును నకలు వ్రాసికొనుటకును రైతునకు హక్కు కలదు. లాభమున్నప్పుడు కొనువాడుగను, నష్టమున్నప్పుడు పాలివాడుగను, పద్దు అడిగినప్పుడు ఎవడును కానివాడుగను ఒక్కడే యుండుటకు వీలు లేదు.

పద్దు చూపునా, నష్టము మోయునా యను ఈ రెండు ప్రశ్నలే రైతు వ్యాపారిని మొదట అడుగదగినవి.

హైదరాబాదు రాజ్యమున 1339 ఫసలీ (1930)లో వ్యవసాయ మార్కెట్ల చట్టము వచ్చినప్పటి నుండి కాటా, కమీషను, చెల్లింపులు కమిటీల విచారణ క్రిందికి వచ్చినవి. నేటికిని మార్కెట్టు యార్డులో అమ్మినవానికి తక్‌పట్టీ దొరకును. దానిపై బరువు, ధర, తీసివేతలు వ్రాయబడి యుండును. అది విక్రయమునకు గట్టి సాక్ష్యము. కళ్లములోనే సరకును ఒప్పగించి, తెల్ల కాగితముపై అంకెలు వ్రాయించుకొని వచ్చినవాని చేతిలో అట్టి సాక్ష్యము ఉండదు.

రైతు కొనువాడైనప్పుడును ఇదే భేదము పనికివచ్చును. విత్తనము ఏ పనికి కావలెనో తెలిపి, అమ్మువాని నేర్పును నమ్మి కొనినచో, అది ఆ పనికి తగినదిగా నుండవలెనని విక్రయ చట్టము చెప్పుచున్నది. 2012లో సర్వోన్నత న్యాయస్థానము ఆంధ్రప్రదేశ్ రైతులకును జాతీయ విత్తన సంస్థకును నడుమ నడిచిన వ్యాజ్యములో, నాసి విత్తనము వలన పంట చెడిన రైతు వినియోగదారుల చట్టము క్రింద పరిహారము కోరవచ్చునని తీర్పు చెప్పినది. సంస్థతో ఒప్పందము చేసికొని విత్తనోత్పత్తి చేసిన రైతులు వ్యాపారము కొఱకు కొనినవారు గనుక వినియోగదారులు కారనిన వాదము చెల్లలేదు. పండిన పంటను తిరిగి ఆ సంస్థయే కొనునని ఒప్పందములో నున్నంత మాత్రమున రైతు తన హక్కు కోల్పోడు.

కోళ్ల పెంపకములో మఱియొక రీతి కానవచ్చును. పిల్లలు, మేత, మందు కంపెనీవి; షెడ్డు, కరెంటు, కష్టము రైతువి. కోళ్లు ఎదిగిన పిదప కిలోకు ఇంత యని రైతునకు పెంపకపు కూలి ముట్టును. ఇచ్చట రైతు భాగస్థుడు కాడు, కోళ్లు అమ్మువాడును కాడు. కోళ్లు మొదటి నుండియు కంపెనీవే. అంగడిలో కోడి ధర పడినను అది కంపెనీ నష్టమే. అయినను షెడ్డు కట్టుటకు తెచ్చిన అప్పు మాత్రము రైతుదే గనుక, ఏడాదికి ఎన్ని మార్లు పిల్లలను ఇచ్చెదరో, ఇయ్యనిచో ఏమగునో కాగితముపై నుండవలెను. ఈ మాట లేని ఒప్పందమునకు సంతకము చేయుట సాహసమే.

కలిసి వ్యాపారము చేయగోరు రైతులకు గానుగ భాగస్వామ్యమే గతి యనుకొన నక్కఱ లేదు. నేటి నిబంధనల ప్రకారము భాగస్వామ్యములో 50 మందికి మించి యుండరాదు. పైగా అందఱి పొలములును దాని అప్పులకు ఒడ్డినట్లే. సహకార సంఘములోను, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలోను సభ్యుని నష్టము సాధారణముగా అతని వాటా మేరకు నిలిచిపోవును. అచ్చట రైతు తన సరకును సంఘమునకు అమ్మువాడు, ఆ సంఘమునకు యజమానులలో ఒకడును. కరీంనగరు ప్రాంతమున 1956లో వెలసిన ముల్కనూరు సహకార గ్రామీణ పరపతి విక్రయ సంఘము ఈ రెండు సంబంధములను కలుపుకొని పెరిగిన సంఘములలో ప్రసిద్ధమైనది. సంఘములోను పద్దు చూడని సభ్యుడు పద్దు లేని భాగస్థుని వంటివాడే గాని, అచ్చట పద్దు అడుగుటకు సభ యొకటి ఏటేట కూడును.

ఇద్దఱు ముగ్గురు రైతులు భాగస్వామ్యమే మేలని నిశ్చయించుకొనినచో పత్రములో వ్రాయవలసినవి కొన్ని కలవు. ఎవడు ఎంత పెట్టెను, లాభమున ఎంత, నష్టమున ఎంత, పని చేయువానికి జీతము కలదా, ఎంత మొత్తమునకు మించి ఒక్కడే అప్పు తేరాదు, విడిపోవువాని లెక్క ఎన్ని దినములలో తీరవలెను అనునవి అందులో ముఖ్యములు. ఒకడు చనిపోయినచో వ్యాపారము నిలుచునా సాగునా యనునదియు వ్రాయవలెను. వ్రాయనిచో ఆ మరణముతోనే భాగస్వామ్యము ముగియును. ఒకడు తెచ్చు అప్పునకు పెట్టిన హద్దు దానిని ఎఱుగని వర్తకుని కట్టివేయదు గనుక, ఉద్దెర ఇచ్చు అంగళ్లకు ఆ సంగతి వ్రాతమూలముగా తెలుపవలెను.

పత్రము వ్రాసికొనిన పిదప భాగస్వామ్యమును రిజిస్టరు చేయింపవలెను. చేయింపకున్నను అది చెల్లును; కాని 69వ సెక్షను వలన, రిజిస్టరు కాని వ్యాపారము బెల్లము కొని సొమ్ము ఎగవేసిన వర్తకునిపై ఒప్పందమును బట్టి దావా తేలేదు. ఆ వర్తకుడు మాత్రము దానిపై దావా తేవచ్చును. వేలిముద్ర వేయు భాగస్థునికి పత్రమంతయు సాక్షుల యెదుట చదివి వినిపించి, వినిపించినట్లు దాని క్రిందనే వ్రాయించి, ఒక్కొక్కనికి ఒక్కొక్క నకలు ఆ దినముననే ఇయ్యవలెను.